ఎవరికీ చెప్పలేదట

ఆదివారం పూజ నుంచి రాగానే మా అత్త ఇన్నమ్మ తలకు నూనె రాయడం నా పని. పొయ్యి మీద ఎసరు, తొట్టి దగ్గర మా ఆయన తెల్లబట్టలు, నా ఒళ్ళో ముసలమ్మ తల. మూడింటినీ ఒక్కసారే చూసుకుంటుంటే ఆయన అరుగు మీద నుంచి, "ఏమే తెరేజా, ఊరికే కూర్చున్నావుగా, ఆ మంచినీళ్ళన్నా తే" అంటాడు. నేను లేచి నీళ్ళిచ్చి వచ్చి మళ్ళీ కూర్చుంటాను. పాస్కా పండుగ, అదే ఈస్టరు, దగ్గరపడే రోజుల్లో అత్త చెప్పే కథ ఒకటే. "తెల్లారకముందే ఆడోళ్ళు పొయ్యారు. చూశారు. ఉరుక్కుంటా వచ్చి మొగోళ్ళకు చెప్పారు. రాయప్ప నమ్మలా. ఆడోళ్ళ ఎర్రి కూతలన్నాడు. ముల్లుగర్ర తీసుకోని ఈపు పగలగొట్టాడు. తర్వాత తనే ఉరికాడు చూడటానికి. ముందు నేనే చూశానన్నాడు."

ఇది ప్రభువు సమాధిలోంచి లేచిన కథ. మా కతోలికుల్లో పేతురుగారిని రాయప్ప అంటాం, పౌలుగారిని చిన్నప్ప అంటాం. ఊరికి ఇద్దరు ముగ్గురు రాయప్పలు ఉంటారు. మా ఆయన తాత పేరు కూడా అదే. చిన్నప్పుడు నేను అపోస్తలులంతా రెంటచింతల పక్క రైతులే అనుకునేదాన్ని. అందుకని అంత పెద్ద పునీతుడి చేతిలో ఎడ్లను అదిలించే ముల్లుగర్ర ఉందంటే నాకు వింతగా తోచలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ కథ వింటున్నాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

మాకు మాచర్ల రోడ్డు మీద నాపరాళ్ళ డిపో ఉంది. 'మాకు' అనడం అలవాటు. బోర్డు మీద ఉన్నది దేవదాసు అని మా ఆయన పేరు. క్వారీకి వెళ్ళి రాయి ఎంచేది నేను, లారీ దింపించేది నేను. రాయిని వేలి కణుపుతో కొట్టి చూస్తాను. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పొర లేచిన రాయి మూలుగుతుంది. ఏ క్వారీది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడగకుండా నేను ఒక్క పలక దింపించుకోను. పొద్దుటి నుంచి నాతో బేరమాడి, ధర కుదుర్చుకుని, టీ కూడా తాగి, చివరికి "ఓనరు లేడా అమ్మా" అని అడిగినవాళ్ళు ఎందరో. సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి కుర్చీలో కూర్చుంటే వాళ్ళ ముఖాల్లో వెలుగొస్తుంది. "మా ఇంటిది కాస్త చేదోడుగా ఉంటదిలే" అంటాడు ఆయన. చేదోడు! చేయీ నాదే, తోడూ నాదే. ఆయనది ఆ మాట ఒక్కటే.

ఆ ఏడు మా ఊరి గుడికి డెబ్బై ఐదేళ్ళ పండుగ పెట్టుకున్నారు. కమిటీకి పెద్ద యోబు మామ. ఆ తర్వాత మా ఆయన. గుడి వాకిట్లో శిలాఫలకం నిలబెట్టాలని, రాయి మా డిపో నుంచి ఇవ్వాలని తీర్మానం చేశారు. నన్నడగలేదు. దాని మీద ఏం చెక్కాలో కూడా వాళ్ళే రాసుకున్నారు. పైన "ఈ గ్రామమునకు సత్యవేదమును తెచ్చినవారు" అని, కింద వరసగా అయిదుగురు మగవాళ్ళ పేర్లు. మొదటి పేరు మా ఆయన తాత రాయప్పది. ఆ కాగితం పట్టుకుని ఆయన వారం రోజులు ఊరంతా తిరిగాడు. ఇంట్లో ఏది అడిగినా, "ఎవరి వంశంలో అడుగుపెట్టావో తెలుసా నీకు" అనేవాడు.

అదే రోజుల్లో కాన్వెంటు నుంచి సిస్టర్ జసింత వచ్చి ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు సువార్తల గురించి చెప్పడం మొదలుపెట్టింది. మలయాళీ మనిషి, తెలుగు పుస్తకంలోలాగా మాట్లాడుతుంది. నాకు అంట్లు తోమే పని తప్పించుకునే సాకు దొరికిందని మా ఆయన ఎగతాళి. నిజమే, ముందు దానికే వెళ్ళాను. కానీ మొదటి రోజే ఆమె చెప్పిన మాట నన్ను పట్టుకుంది. ప్రభువు తర్వాత ముప్పై నలభై ఏళ్ళ దాకా సువార్త రాతలో లేదట. నోటి మాటే. ఒకరు చెప్పగా ఇంకొకరు, వాళ్ళు చెప్పగా మరొకరు. తర్వాత ముందుగా రాసినది మార్కు పేరున్నది. మత్తయి, లూకా పేర్లున్నవి దాన్ని ముందు పెట్టుకుని రాసినవి, యోహాను పేరున్నది చివరిది అని పండితుల లెక్క. రాసినవాళ్ళు లోపల పేర్లు పెట్టుకోలేదట. ఆ పేర్లు తర్వాత చేరాయట. బోర్డు తర్వాత కట్టారన్నమాట, అనుకున్నాను. అది నాకు ఇట్టే అర్థమయ్యే సంగతి.

అన్నిటికన్నా పాతవి చిన్నప్పగారి జాబులు. లేచిన ప్రభువును చూసినవాళ్ళ వరస ఆయన ఒక జాబులో రాశాడు. రాయప్ప, పన్నెండుగురు, అయిదువందల మంది సోదరులు, చివరికి తను. ఆడపేరు ఒక్కటి లేదు. సువార్తలు నాలుగింటిలోనూ సమాధి దగ్గరకు ముందు వెళ్ళినవాళ్ళు ఆడవాళ్ళే. నాలుగింటిలోనూ మగ్దలా మరియమ్మ ఉంది. మరి ఈ వరసలో వాళ్ళేరి? అడిగాను. సిస్టర్ దాచలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ సాక్ష్యానికి విలువ ఇచ్చేవాళ్ళు కాదమ్మా, అందుకే వదిలేసి ఉంటారంటారు అంది. ఆ రోజుల్లో అనే మాట విని నాకు నవ్వొచ్చింది.

తర్వాత లూకా సువార్త తెరిచి చదివింది. ఆడవాళ్ళు వచ్చి చెప్పడం, మగవాళ్ళకు అవి పిచ్చి మాటలుగా తోచడం, రాయప్ప లేచి సమాధి దగ్గరకు పరిగెత్తడం. పుస్తకం మూసింది. నేను ఆగలేకపోయాను. "సిస్టర్, మరి ముల్లుగర్రతో కొట్టింది యాడుంది?" అన్నాను. ఆడవాళ్ళంతా పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. "తెరేజమ్మ సువార్తలో ఉందిలే" అంది వెనక నుంచి ఎవరో. సిస్టర్ నవ్వలేదు. నాలుగు సువార్తల్లోనూ ముల్లుగర్ర లేదమ్మా, ఎవరు చెప్పారు నీకు అని అడిగింది. మా అత్త అనబోయి ఆగాను. అత్త ఇన్నాళ్ళూ చెప్పిన రాయప్ప ఏ రాయప్ప?

ఇంటికి వెళ్ళి అత్త మంచం పక్కన కూర్చున్నాను. ఆయన కమిటీకి వెళ్ళాడు. ఆ రాయప్ప ఎవరని అడిగాను. అత్త గోడ వైపు తిరిగి చెప్పింది. "మా అత్త, అన్నమ్మ. చల్ల కడవ నెత్తిన పెట్టుకోని రెంటచింతల పొయ్యేది అమ్మటానికి. ఆడ గుడి పంచలో కూర్చోని జపాలు ఇన్నది. దారెంట వల్లె ఏసుకుంటా వచ్చింది. ఈడ తిరగళ్ళ కాడ ఆడోళ్ళకు చెప్పింది. మీ తాత మావ చేతిలో ముల్లుగర్ర ఆమె ఈపు మీద ఇరిగింది. ఆ మచ్చ నేను చూశానే. నీళ్ళు పోసేటప్పుడు చూశా." ఆ తర్వాత రాయప్ప, పెళ్ళాన్ని చెడగొడుతున్నది ఎవరో తేల్చుకుందామని రెంటచింతల వెళ్ళాడట. వెళ్ళినవాడు మెత్తబడి తిరిగొచ్చాడు. జ్ఞానస్నానం ఆయనకే ముందు ఇచ్చారు, ఇంటి యజమాని కదా. గుడి జ్ఞానస్నానాల పుస్తకంలో పేరు ఆయనదే ముందు. అన్నమ్మ ఈ సంగతి కోడలికి చెప్పింది, బయట అనవద్దని ఒట్టు పెట్టించుకుంది. కోడలు దాన్ని ప్రభువు కథలో కలిపేసి నాకు చెప్పింది. ఒట్టు తప్పలేదు, మాటా చావలేదు. ఎంత తెలివిగల సరుకు రవాణా!

నేను వ్యాపారస్తురాలిని. సరుకు ఎవరు తెచ్చారో తెలిశాక ఇంకొకరి పేరున అమ్మలేను. ఆ రాత్రికి రాత్రి కాదు, మర్నాడు అన్నం పెడుతూ ఆయనకు చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత కంచం నెట్టాడు. "మా తాత పెళ్ళాన్ని కొట్టాడని రాయి మీద చెక్కిస్తావా" అన్నాడు. కొట్టిన సంగతి వద్దు, తెచ్చిన మనిషి పేరు చాలు అన్నాను. మాట యోబు మామ దాకా వెళ్ళింది. విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదర్, మంచివారే. పెద్దావిడనే అడిగితే పోతుంది కదా అన్నారు. అందరూ మా ఇంటికి వచ్చారు. మంచం చుట్టూ కుర్చీలు వేసింది నేనే, టీలు ఇచ్చింది నేనే.

"ఇన్నమ్మక్కా, సత్యవేదం ఈ ఊరికి ఎవరు తెచ్చారు?" అని అడిగాడు యోబు మామ.

అత్త కొడుకు ముఖం చూసింది. నా ముఖం చూడలేదు. "నాకేం ఎరికయ్యా. మా మావే తెచ్చాడు" అంది.

"ఏమే, ఇన్నావా?" అన్నాడు మా ఆయన. "రాళ్ళ మధ్య ఉండి ఉండి దీని బుర్ర కూడా రాయైంది ఫాదర్. ఏమీ అనుకోమాకండి." అందరూ నవ్వారు. యోబు మామ ఖాళీ గ్లాసు నాకిస్తూ, "ఆడోళ్ళ కబుర్లకు సాక్ష్యం ఉండదమ్మాయ్" అన్నాడు, మెత్తగానే. ఆ గ్లాసులు తీసుకెళ్ళి బరబరా తోమాను. కోపం వాళ్ళ మీద కాదు, అత్త మీద. నన్ను అబద్ధాలకోరును చేసింది. రెండు రోజులు ఆమెకు అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు.

పాస్కాకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు సిస్టర్ మార్కు చివరి పేజీ చెప్పింది. పాత ప్రతుల్లో ఆ సువార్త ఆడవాళ్ళ దగ్గరే ఆగిపోతుందట. సమాధి ఖాళీగా ఉంది, వెళ్ళి శిష్యులకు చెప్పండని వాళ్ళకు కబురు అందింది. వాళ్ళు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే, అక్కడితో సరి. ఆ ముగింపు తర్వాతివాళ్ళకు బాగుండక ఇంకొంత చేర్చారట. అందరూ పిరికి ఆడవాళ్ళని జాలిపడుతున్నారు. నేను మాత్రం నా లెక్కలో పడ్డాను. ఎవరికీ చెప్పలేదట. మరి రాసినాయనకు ఎట్లా తెలిసింది? కబురు చెప్పిన తెల్లబట్టల దూత తప్ప సమాధి దగ్గర వేరే మనిషి లేడు. వాళ్ళు నిజంగా నోరు మూసుకుని ఉంటే మార్కు లేదు, లూకా లేదు, రోములో అంత పెద్ద గుడి లేదు, మా ఊళ్ళో ఈ చిన్న గుడీ లేదు. కాబట్టి చెప్పారు. ఆ రోజు భయపడ్డారు, ఇంకో రోజు చెప్పారు. మొగుళ్ళకు కాకపోతే కోడళ్ళకు చెప్పారు. భయపడిన సంగతి రాసిపెట్టారు, భయం తీరిన సంగతి రాయలేదు. నా అత్త కూడా అంతే కదా. కొడుకు ఎదుట కాదంది. నాకు ఇన్నేళ్ళూ చెబుతూనే ఉంది. సాక్ష్యం కుర్చీలు వేసి అడిగినప్పుడు రాదు, తలకు నూనె రాసేటప్పుడు వస్తుంది. నా కోపం అక్కడితో పోయింది.

మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పోయిన రోజు, మగవాళ్ళంతా ఉపవాసం ఉండి సిలువ మార్గానికి వెళ్ళారు. అక్షరాలు చెక్కే ఖాజా మొహిద్దీన్ డిపోలో ఉన్నాడు. కింది పేర్లు అయిదూ చెక్కడం అయింది, పైవరస ఒక్కటే మిగిలింది. జుమ్మా నమాజుకు పోయొచ్చి కొడతా వదినమ్మా అన్నాడు. పైన మాట మారింది అన్నాను. చెప్పాను. సుద్దముక్కతో రాయి మీద రాసుకుని, ఒకసారి చదివి, నా వైపు చూశాడు. "దేవదాసన్నకు ఎరికేనా?" అన్నాడు. రాయి నాది అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళి అత్తకు కూడా చెప్పాను, ఏం చెక్కిస్తున్నానో. నేను గడప దాటుతుంటే వెనక నుంచి అంది.

"లోతుగా కొట్టమను."

శనివారం పొద్దున్నే కమిటీ బండితో వచ్చింది. రాయి మీద కప్పిన గోనెపట్టా తీశాను. కింద అయిదుగురి పేర్లు వాళ్ళు రాసిచ్చినట్టే ఉన్నాయి, రాయప్పదే మొదట. ఒక్క అక్షరం పోలేదు. పైన మాత్రం "అన్నమ్మ చెప్పిన మాట విని నమ్మినవారు" అని ఉంది.

మా ఆయన రెండుసార్లు చదివాడు. ముఖం నల్లబడింది. ఖాజా వైపు తిరిగి, "చెరుపు దాన్ని" అన్నాడు. ఖాజా ఉలి ముట్టుకోలేదు. యోబు మామ గొంతు సవరించుకుని, ముసలమ్మే కాదందిగా, ఇంక సాక్ష్యమేందమ్మాయ్ అన్నాడు.

"భయపడి కాదంది మామా," అన్నాను. "భయపడిన ఆడోళ్ళ మాట మీదే రేపు మీరు పండగ చేసుకునేది."

మా ఆయన నా మీదకు రెండడుగులు వేశాడు. నేను కదలలేదు. "ఇది నాపరాయి. పొరలు పొరలుగా ఉంటది," అన్నాను. "అంత లోతు అక్షరం చెరపాలంటే పొర లేపాలి. పొర లేస్తే కిందున్న పేర్లూ దాంతోపాటే లేస్తయ్. ఆమెను తీసేస్తే మీ తాత కూడా ఉండడు. లేదు ఇంకో రాయి కావాలంటారా, చూసుకోండి. ఈ డిపోలోంచి మాత్రం రాదు."

మా ఆయన కుర్చీ కోసం చూశాడు గానీ కూర్చోలేదు. బండి తోలే మనిషి ఎవరి మాట వినాలో తెలియక ఆయన వైపు చూశాడు, యోబు మామ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"ఎత్తు" అన్నాను.

ఎత్తాడు.