బొటనవేలి రంగు

ఫర్నిచర్ షాపు కింద గోదాములో, అమ్ముడుపోని భోజనాల బల్లల మీదే మేం ఆపరేషన్లు చేస్తున్నాం. మత్తిచ్చే పని నాది కాబట్టి అందరికీ నేను మత్తక్కని. నా దగ్గరున్నది ఒక్కటే క్లిప్పు. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. గోటికి ముదురు రంగుంటే మాత్రం మొండికేస్తుంది.

ఆ మధ్యాహ్నం తెచ్చిన లారీ డ్రైవరుకి కడుపులో బాంబు ముక్క దిగింది. కుడి చెయ్యంతా కట్టు. ఎడమ చేతికి కట్టు బయట మిగిలినవి బొటనవేలు, చిటికెన వేలు. రెండు గోళ్లకీ ఎర్రటి రంగు.

"ఏంటన్నా, పెళ్లికూతురివా?" అన్నాను, రంగు తీసే మందు దూది మీద పోస్తూ. నా నోటికి అదుపు లేదు.

"మా పాప వేసిందమ్మా, పొద్దున. ఆ తర్వాతే ఇంటి మీద బాంబు పడింది. పాప పోయింది."

నాలుక కరుచుకున్నాను.

"చిటికెన వేలిది తీసేసుకో. బొటనవేలు మాత్రం ముట్టుకోకమ్మా. ఆరకముందే పట్టుకుంది, దాని వేలిముద్ర పడింది. చూడు."

చూశాను. రంగులో బఠాణీ గింజంత ముద్ర. గీతలు కూడా తెలుస్తున్నాయి.

"ముట్టుకోనన్నా," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

చిటికెన వేలు తుడిచి క్లిప్పు పెట్టి, మత్తిచ్చాను. కాసేపు బాగానే నడిచింది. కడుపు తెరిచాక బీపీ పడిపోయింది, ఆ సన్నటి వేలు చల్లబడింది, అంకె మాయమైంది. కాలి వేళ్లు అప్పటికే మంచుగడ్డలు. చెవికి పెడితే జారిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు పైన బాంబుల మోత, స్టెతస్కోపులో ఊపిరి చప్పుడే వినబడదు.

"మత్తక్కా, రక్తం నల్లబడుతోంది!" సర్జన్ కేకేశాడు. "ఆక్సిజన్ ఎంత?"

"తెలీదు!"

"తెలీదంటే ఎలా? చూడు!"

ఇంకా కాస్త వెచ్చగా ఉన్నది బొటనవేలొక్కటే. దానికి రంగు మీదే పెట్టాను. అంకె రాలేదు. దేవుణ్ణీ యుద్ధాన్నీ కలిపి తిట్టి, ఆ గోరు తుడిచేశాను.

డెబ్భై ఒకటి. గొంతులో పెట్టిన గొట్టం లోపలికి జారి ఒక్క ఊపిరితిత్తికే గాలి అందుతున్నట్టుంది. కాస్త వెనక్కి లాగాను. ఎనభై దాటింది, తొంభై దాటింది. సర్జన్ "అమ్మయ్య" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. చేతులు ఖాళీ లేక కళ్లు భుజానికి తుడుచుకున్నాను.

సాయంత్రం ఆయనకి మెలకువ వచ్చింది. అడక్కముందే చెప్పేశాను. "తుడవాల్సొచ్చిందన్నా. లేకపోతే నువ్వు దక్కేవాడివి కాదు."

ఆయన చెయ్యి పైకెత్తి గోరు చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ దూది ఉందామ్మా?" అన్నాడు.

బల్ల కింద బకెట్ ముందు కూర్చుని వెతికాను. పొద్దుట్నుంచి పడేసిన దూదులన్నీ ఎర్రగానే ఉన్నాయి.