మంచులో ఆరేసిన బొంత

జనవరి పదకొండు. ఆ రాత్రి తిన్నది ఉడికించిన కాడ్ చేప, బంగాళాదుంపలు, వెన్న. సిగ్రూన్‌కి అంత బాగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నమే ఆమె పనిచేసే శిశువిహారం పెద్దావిడ టూవే ఆమెని తన గదిలోకి పిలిచింది. ఎవరూ వినకుండా ముందుగా తలుపు వేసింది. అంతవరకు దయే.

"ఏమీ అనుకోకు సిగ్రూన్. నీ జుట్టు సిగరెట్ వాసనొస్తోందని ఇద్దరు తల్లులు అన్నారు. ఇంకొకరు అంటే నిన్ను పసిపిల్లల దగ్గర ఉంచలేను."

సిగ్రూన్ పుట్టి బుద్ధెరిగాక సిగరెట్ ముట్టలేదు. భర్త ఓడ్‌వార్‌తో చెబితే, చేపముల్లు తీసుకుంటూ నవ్వాడు. "నేను మానేసి ఏడాదైంది కదా! ఇది ఈ ఇంట్లో మనకి ముందున్నవాళ్ళ పొగ. గోడలు తాగేశాయి. అయినా నీది ముక్కా, వేటకుక్కా?" ఫోన్‌లో అత్తగారు మరో మాట తగిలించింది: "మా రోజుల్లో గోడలు కూడా సబ్బునీళ్ళతో కడిగేవాళ్ళం తల్లీ. ఇప్పటివాళ్ళకి తీరికేదీ?"

కడిగింది. ఉద్యోగం నుంచి వచ్చి గోడలు తోమింది, కర్టెన్లు, సోఫా గలీబులు అన్నీ ఉతికింది, గది మూలల్లో వెనిగర్ గిన్నెలు పెట్టింది. వాసన పోలేదు. అతని కోటు జేబులు వాసన చూసింది, సిగ్గుపడింది. తన జడ ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. నిద్రలో లేచి తనే కాలుస్తోందేమోనని కూడా ఒక క్షణం అనుమానపడింది. అంతగా తనని తనే నమ్మడం మానేసింది.

"బొంతలు ఇంకాసేపు బయట ఉంచు, మంచు ఏ వాసననైనా చంపేస్తుంది," అన్నాడు ఓడ్‌వార్. ఆ చలి ఊళ్ళో అందరిలాగే వాళ్ళకీ ఎవరు కప్పుకునే ఈకలు కూరిన బొంత వాళ్ళదే. రోజూ పొద్దున్నే రెండూ చలిగాలి తగిలేలా బాల్కనీ కమ్మీ మీద పక్కపక్కనే ఆరేసి, క్లిప్పులు పెట్టి, అతనికన్నా ముందే పనికి వెళ్ళిపోయేది.

ఒక శుక్రవారం సాయంత్రం తీద్దామని వెళితే, అతని బొంత కమ్మీ చివర ఉంది. గాలికి జరిగిందేమో అనుకోబోయింది. కానీ గాలి క్లిప్పులు తీసి మళ్ళీ పెట్టదు కదా. దాన్ని వాసన చూసింది. ఉత్త మంచు. తనది చూసింది. తాజా పొగ, ఆ పొద్దుటిదే.

ఆ రాత్రి ఆమె అతని బొంత చంకన పెట్టుకుని చిన్న గది వైపు నడిచింది.

"అదేంటి, నాది తీసుకెళ్తున్నావు?"

"నువ్వు పొగ పట్టించింది నువ్వే కప్పుకో."

అతని మొహం మాడిపోయింది. "రోజుకి ఒక్కటే సిగ్రూన్. నీ మీద ఒట్టు. దీనికింత..."

"కాల్చినందుకు కాదు ఓడ్‌వార్. వాసన అంటుతుందని తెలిసి నీది జరుపుకున్నావు. నాది అక్కడే వదిలేశావు. సోమవారం టూవేకి ఉన్నదున్నట్టు చెబుతాను."

అతను ఇంకేదో అనబోయేలోగా, ఆమె లోపలికెళ్ళి మెల్లగా తలుపు వేసుకుంది.