యెర్బా సెకా కుర్చీ

డెల్ఫినా ఓచోవా తెల్లదుప్పటి రెండు కొసలు గడ్డం కింద నొక్కిపట్టి, మిగతా రెండింటినీ చేతులతో కలిపి, ఒక్క విదిలింపుతో మడత వేసింది. ముప్పై ఏళ్లుగా ఇదే లాండ్రీ, అదే వేడిగాలి. పొట్టి మనిషి. బ్లీచు తగిలి తగిలి వేళ్ల కొసలు పాలిపోయాయి, కుడి భుజం కాస్త కిందికి దిగింది. ఇవాళ మాత్రం బట్టలారబెట్టే యంత్రం పక్కన ఆమె నీలం కోటు వేలాడుతోంది.

"పోతున్నావా?" అంది రొసారియో, తడిబట్టల బుట్ట నడుముకి ఆనించుకుని. వీధి చివర రొట్టెలమ్మే ముసలావిడ. "ఓడిపోవడానికి రెండు గంటలు కారు తోలుకుని పోవాలటే?"

"ఇంట్లో కూర్చుని ఓడిపోతే నిద్రపట్టదు పిన్నీ."

"ఆ కోటు చూసి వాళ్లు భయపడతారా ఏంటి?"

"వాళ్ల కోసం కాదులే. అక్కడి ఏసీ పాడుగాను, ఎముకలు కొరికేస్తుంది."

ఊరి కౌన్సిల్లో డెల్ఫినా చేరిందే, ఆ ఏడు పోటీకి ఎవరూ నిలబడకపోబట్టి. ప్రాంతీయ నీటి బోర్డులో తమ ఊరు యెర్బా సెకా తరఫున కుర్చీ దక్కిందీ అలాగే. అంతదూరం పోయే ఓపిక మిగతావాళ్లకు లేదు. ఆ బోర్డులో ఏ ఊరు ఎంత నీరు కొంటే దానికి అన్ని ఓట్లు. సముద్రతీరాన ఉన్న పెద్ద నగరం ఊఁ అంటే సగం పని అయిపోతుంది. యెర్బా సెకాది ఒకే ఒక్క ఓటు. దానితో డెల్ఫినా ఇంతవరకు ఏదీ గెలవలేదు. కానీ మొన్న వేసవిలో పైపు మరమ్మతని ఊరికి నీళ్లు కట్టేయబోతే, "మా పిల్లలు ఏం తాగాలి?" అని అడగడానికి అక్కడొక నోరుంది. ట్యాంకర్లు వచ్చేదాకా ఆ నోరు మూతపడలేదు.

ఇప్పుడు యెర్బా సెకాతో కలిపి మూడు చిన్న ఊళ్ల కుర్చీలూ తీసేసి, మూడింటికీ కలిపి ఒకటే ఇస్తారట. ఖర్చు తగ్గించడానికట. ఇవాళే దానిమీద ఓటింగు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆమెకు ఒళ్లు మండుతూనే ఉంది.

మధ్యాహ్నం బోర్డు గదిలో, వెనక బల్ల మీద, కుర్చీలు పోయేవాళ్ల కోసం వీడ్కోలు కేకు అప్పటికే సిద్ధంగా ఉంది. గుమాస్తా ప్రిసిల్లా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఊళ్ల పేర్లు పిలుస్తోంది. సమ్మతం, సమ్మతం అంటున్నారు ఒక్కొక్కరే. యెర్బా సెకా అందరికన్నా ఆఖరు. దాని వంతు రాకముందే కావలసిన ఓట్లు పడిపోయాయి. అధ్యక్షుడు హాల్‌స్ట్రమ్ సుత్తితో బల్ల మీద కొట్టి, తీర్మానం నెగ్గిందన్నాడు. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఎవరో కేకు కోయడానికి చాకు అందుకున్నారు.

డెల్ఫినా కదల్లేదు. "మా ఊరి పేరు పిలవలేదు."

"లెక్క తేలిపోయింది కదండీ," అన్నాడు హాల్‌స్ట్రమ్ నవ్వుతూ. "ఇప్పుడు మీరేమన్నా మారేదేమీ లేదు."

"మారుతుందని నేనన్నానా? పిలవమన్నాను. పిలిచేదాకా ఇక్కడే కూర్చుంటాను. నాకు తొందరేం లేదు, రేపు లాండ్రీకి సెలవు."

చాకు పట్టిన చెయ్యి ఆగింది. ఒక్కొక్కరే తిరిగొచ్చి కూర్చున్నారు. పెద్ద నగరం ప్రతినిధి కూడా వచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రిసిల్లా గొంతు సవరించుకుంది.

"యెర్బా సెకా."

డెల్ఫినా లేచి నిలబడింది.

"యెర్బా సెకా ఒప్పుకోదు."

ఓడిపోయింది. అయినా ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది ఆమెకు.

అందరూ కేకు దగ్గరికి వెళ్లాక, ఆమె ముందున్న చెక్క పేరుపలక తీసి అందించింది ప్రిసిల్లా. "గుర్తుగా తీసుకెళ్లండమ్మా. ఎలాగూ పారేస్తారు."

"దీనిమీద నా పేరుందా?"

"లేదండీ, ఊరి పేరే."

"మరి నేనెలా తీసుకెళ్తాను? ఊరు ఎక్కడికీ పోలేదుగా."

పలకను కోటు చేతితో తుడిచి, ఎక్కడినుంచి తీశారో అక్కడే పెట్టింది. కేకు ముట్టకుండా బయటికి నడిచి, కారెక్కి వెళ్లిపోయింది. ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోరు.

దీపాలార్పే ముందు ప్రిసిల్లా కేకు పళ్లేలన్నీ ఎత్తేసింది. ఖాళీ కుర్చీ ముందు, అధ్యక్షుడి వైపు తిరిగి ఉన్న ఆ పలకను మాత్రం ముట్టుకోలేదు.