రాసేది ఆయన, వినేది నేను

మా ఆయన రైలింజన్లకు డాక్టరు. డిగ్రీ లేదు, ఫీజు లేదు, ఒక్క రోగీ ఆయన్ని పిలిపించుకున్న పాపాన పోలేదు. అయినా పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే వైద్యం.

నందిగామలో మాకు మిరపకాయలు, పసుపు, పిండి ఆడించే మిల్లుంది. దానికో పాత ఆయిలింజను. దాని చప్పుడులో కాస్త తేడా వస్తే చాలు, వెంకటరత్నం గారికి, అంటే మా ఆయనకి, అన్నం సయించదు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. డెబ్భై నాలుగులో చుట్టాల పెళ్లికని మధిర వెళ్లి, స్టేషన్లో ఒక డీజిలింజను బొగ్గుబండిని లాగుతూ కదలడం చూశారు. పదహారు సిలిండర్లు, రెండువేల ఆరువందల గుర్రాల బలం. అక్షింతలు వేసే వేళకి మనిషి పందిట్లో లేరు. ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నారు.

అప్పట్నుంచీ ఆదివారం మిల్లు మూత. పొద్దున్నే మధిర బస్సు ఎక్కడం, దిగాక పట్టాల వెంబడి నడిచి ఊరి బయట గేటు దగ్గర నిలబడటం. అక్కడ ఆపిన బొగ్గుబండ్లు మళ్లీ కదిలేటప్పుడు ఇంజను పడే కష్టమంతా చప్పుడులో తెలుస్తుందట. ఏది దగ్గుతోందో, ఏది ఆయాసపడుతోందో నంబరు వేసి, ఇంజన్లు బాగుచేసే రైల్వే షెడ్డుకి కార్డు రాసేవారు. ఆ షెడ్డు ఏ ఊళ్లో ఉందో చెప్పను. వాళ్ల పరువూ మా పరువూ రెండూ ఇందులో ఉన్నాయి. జవాబు ఎప్పుడూ రాలేదు. ఆయన రాయడం మానలేదు.

నేను మొదట్లో క్యారేజీ మోయడానికి వెళ్లేదాన్ని. ఆరు రోజులు మిరప ఘాటులో దగ్గి, ఏడోరోజు ఎండలో కాళ్లు వాచేదాకా నిలబడటం నా విశ్రాంతి.

తర్వాత ఆయన చెవులు పోయాయి. ముప్పై ఏళ్లు మిల్లింజను పక్కన నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి? సన్నటి చప్పుళ్లు ముందు పోయాయి. సైకిలు బెల్లు, పిచ్చుకలు, స్టవ్ మీద పొంగే పాలు. ఎవరికీ చెప్పలేదు. మిల్లులో ఎటూ అందరూ అరిచే మాట్లాడతారు గనక ఎవరికీ తెలీలేదు. నాకూ తెలిసేది కాదేమో. ఎనభై రెండులో ఒక ఆదివారం గేటు దగ్గర బండి కదులుతుంటే నావైపు తిరిగి, "ఏమంటోందే?" అన్నారు.

"ఏమంటుంది? ఆకలేస్తోందంటోంది, క్యారేజీ విప్పమంటోంది," అన్నా.

ఆయన నవ్వలేదు. మొహం చూశా. భయపడుతున్నారు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన భయపడటం అదే మొదటిసారి చూడటం.

ఆ రోజునుంచీ వినేది నేను, రాసేది ఆయన. ఎక్కడ తడబడుతోందో, ఎక్కడ రొప్పుతోందో నాకు తోచిన మాటల్లో నేను చెప్పడం, దాన్ని ఆయన మరమ్మతు భాషలోకి మార్చి కింద సంతకం పెట్టడం. "ఇట్లు, వెంకటరత్నం, మిల్లు ఓనరు, నందిగామ." గేటుకీపరు ఆశీర్వాదం మాకు తన బెంచీ ఇచ్చి, "బాబుగారి చెవి చెవి కాదండీ అమ్మగారూ, అదో మిషను," అనేవాడు. ఆయన గంభీరంగా తలాడించేవారు. నేను క్యారేజీ విప్పేదాన్ని.

దాచుకోవడమెందుకు, నాకు కష్టంగానే ఉండేది. చాకిరీకి కాదు. ఆ ఆశీర్వాదం ఒక్కడి ముందైనా, "ఇది మా ఆవిడ విన్నది," అని ఒక్కసారి అనలేదు చూడండి, అందుకు.

ఎనభై అయిదు ఎండాకాలానికి లైను పొడుగునా కరెంటు స్తంభాలు పాతడం మొదలెట్టారు. డీజిలింజన్లకి రోజులు దగ్గరపడ్డాయని అందరూ అనుకోవడమే. అప్పుడే ఆరువందల నలభై తొమ్మిది జబ్బు పడింది. ఆయనకి అన్నిట్లోకీ ఇష్టమైన ఇంజను అది. బండి కదిలేటప్పుడు నల్లటి పొగ కక్కేది, లాగలేక రొప్పేది.

"దగ్గుతోంది," అని చెప్పా. "పైన సన్నటి ఈల ఉంటుందే, అందులో ఏదో గీరుతున్నట్టుంది."

"ఈల ప్రతిదానికీ ఉంటుందిలే. అది టర్బో, గాలి కొట్టే చక్రం. దగ్గు సంగతి చెప్పు."

దగ్గు సంగతే రాశారు. డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు చెడ్డాయని మూడు కార్డులు. మూడుసార్లూ ఈల గురించి చెప్పా. మూడుసార్లూ వదిలేశారు.

జూన్లో జవాబొచ్చింది. పదకొండేళ్లకి! షెడ్డు ఫోర్‌మన్ ఉమాకాంతం గారు రాశారు. ఇంజెక్టర్లు రెండుసార్లు మార్చినా తగ్గలేదట. కరెంటు వచ్చేస్తోంది గనక ఈ ఇంజను కోసం ఇంకో పది రోజులకంటే ఆగరట, తర్వాత పక్కన పడేస్తారట. "వీలైతే ఒకసారి వచ్చి మీ చెవితో వినండి," అని ఆఖర్న.

ఆయన ఆ కార్డుని దేవుడి పటం పక్కన పెట్టి, ఇస్త్రీ పంచె తీశారు.

"ఎవరు వింటారు అక్కడ?" అన్నా.

"నువ్వు పక్కనుంటావుగా. చెవిలో చెప్పు."

"మీ చెవిలోనా? షెడ్డంతటికీ వినపడుతుంది."

కాసేపు ఆలోచించి, ఇంజెక్టర్లయితే కొంగు సర్దుకోమన్నారు, ఇంకేదన్నా అయితే ఊరికే ఉండమన్నారు. యాభై ఏళ్లు దాటిన మనుషులం, దొంగాటకి సిద్ధమై బస్సెక్కాం.

ఉమాకాంతం గారు బక్కపలచటి మనిషి. మమ్మల్ని చూడగానే లేచి నమస్కారం పెట్టారు. మేం రాసిన కార్డులన్నీ ఒక తీగకి గుచ్చి దాచారు. "జవాబు రాయడానికి పైవాళ్లు ఒప్పుకోలేదండీ. కానీ ఈ ఒక్కటి తప్ప మీరు చెప్పింది ఎప్పుడూ పొల్లుపోలా," అన్నారు. మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత ఉమాకాంతం గారు నావైపు తిరిగి, "అమ్మా, లోపలంతా నూనె, జారుతుంది. మీరిక్కడ కూర్చోండి, టీ చెప్తా," అన్నారు.

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశా. ఆయన్ని తీసుకుపోయారు. నేను ఆఫీసు కిటికీ దగ్గర కుర్చీలో మిగిలా.

ఇంజను అక్కడికి ఇరవై గజాలుంటుంది. స్టార్ట్ చేసి రేజు చేశారు. మా ఆయన కళ్లు మూసుకుని తల ఓ పక్కకి వంచి నిలబడ్డారు. చూసేవాళ్లకి మహా విద్వాంసుడే. తర్వాత ఇంజను ఆపేశారు. పదహారు సిలిండర్లూ సద్దుమణిగాక ఆ ఈల ఒక్కటీ మిగలాలి, మెల్లగా సన్నబడుతూ పోవాలి. పోలేదు. కీచుమని గీరి ఠక్కున ఆగిపోయింది.

నేను లేచి నిలబడ్డా. మా మిల్లులో బెల్టు తీసేశాక మర చాలాసేపు ఉత్తినే తిరుగుతుంది. బేరింగు పోయిందనుకోండి, ఇలాగే గీరి ఆగుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ బెల్టు తీసేది నేనే.

కిటికీలోంచి చెయ్యి ఊపా, తల అడ్డంగా ఊపా. ఆయనకి అర్థం కాలేదు, చెయ్యి కదిలింది గనక ఇంజెక్టర్లే అనుకున్నారేమో. కొంగు సర్దుకోవడం ఒక్కటే మా భాషయిపోయింది మరి.

ఉమాకాంతం గారు ఆయన మొహంలోకి వంగి గట్టిగా అడిగారు. "ఆగేటప్పుడు టర్బో ఈల ఎట్లా ఉందండీ? ఇక్కడ మా అందరి చెవులూ ఎప్పుడో పోయాయి. మాకు ఆ సన్నటి చప్పుడు తెలీదు. అందుకే మిమ్మల్ని పిలిచా."

ఎంత తేలిగ్గా చెప్పేశాడా మనిషి! మా ఆయన కూడా ఆ మాటే అనొచ్చు. అంటారని కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డా.

"నిక్షేపంలా ఉంది," అన్నారు మా ఆయన. "ఇంజెక్టర్లే. మళ్లీ మార్చండి."

తిరుగు ప్యాసింజరుకి ఇంకా గంటుంది. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. నాకు అరిచే ఓపిక లేదు, పోట్లాడే ఓపిక అసలే లేదు. ఆయన చెవి దగ్గర నోరుపెట్టి చెప్పా. "మన పెద్ద మర బేరింగు పోయినప్పుడు, బెల్టు తీశాక ఎట్లా ఆగింది? ఆ టర్బో అట్లా ఆగింది."

"ముందే ఎందుకు చెప్పలా?" అన్నారు.

"మూడుసార్లు చెప్పా."

ఆయన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నారు. "ఆ ఈల నాకు వినపడదే," అన్నారు. "వినపడక ఎన్నాళ్లయిందో. అసలు అది ఎట్లా ఉంటుందో కూడా మర్చిపోయా."

జేబులో ఎప్పుడూ ఖాళీ కార్డులుంటాయి. ఒకటి తీసి మోకాలి మీద పెట్టి రాశారు. "నేను చెప్పింది తప్పు. టర్బో బేరింగు విప్పి చూడండి." కింద సంతకం దగ్గర ఆగారు. పైన "విన్నది" అని రాసి, పెన్ను నాకిచ్చారు.

నేను చదివింది అయిదో క్లాసు. సంతకం పెట్టి ఎన్నేళ్లయిందో. పుష్పవతి అని నాలుగు అక్షరాలు రాసేసరికి కార్డు అంచుదాకా వచ్చేశా. పక్కనే ఆయన "రాసింది, వెంకటరత్నం" అని చిన్నగా ఇరికించారు. కార్డు డబ్బాలో వేసి వచ్చి, నా క్యారేజీ సంచి తన భుజానికి తగిలించుకున్నారు.

మూడు వారాలకి జవాబొచ్చింది. పోస్ట్‌మన్ కృపారావు అడ్రసు రెండుసార్లు చదువుకుని మరీ నా చేతికిచ్చాడు. శ్రీమతి పుష్పవతి గారికి. బేరింగు అరిగిపోయిందట, మార్చారట. ఇంజను బాగుపడింది. దాన్ని వేరే లైనుకి పంపేస్తున్నారు. ఈ ఆదివారం ఆఖరిసారి బొగ్గుబండితో మధిర మీదుగా వెళ్తుంది. గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టమని డ్రైవరుకి చెప్పారట.

వెళ్లాం. స్తంభాల మీదికి తీగలు కూడా వచ్చేశాయి. ఆశీర్వాదం బెంచీ తుడుస్తూ, "విన్నానండీ బాబుగారూ, మీ చెవి దెబ్బకి షెడ్డే దిగొచ్చిందటగా," అన్నాడు.

"నా చెవి కాదు ఆశీర్వాదం. నాకు వినపడక మూడేళ్లు దాటింది. వినేదంతా మా ఆవిడే." చెవిటి మనుషులకి గొంతు అదుపు ఉండదు. గేటుకి అటూ ఇటూ ఆగిన బళ్లవాళ్లంతా నన్ను చూశారు. నేను సిగ్గుపడి క్యారేజీ కోసం వెతుక్కున్నా. అది ఆయన భుజానే ఉంది.

ఆరువందల నలభై తొమ్మిది వచ్చింది. రెండుసార్లు హారన్ కొట్టింది. సిగ్నలు కోసం ఆగి, మళ్లీ బరువెత్తుకుని కదిలింది. పొగ లేదు. పదహారూ ఒక్క మాట మీద ఉన్నాయి. వాటి పైన ఆ ఈల, ఎక్కడా గీరకుండా, సన్నగా, ఎత్తుగా లేస్తోంది. పదకొండేళ్లు ఎండలో నిలబెట్టినందుకు ఈయన్ని తిట్టుకోని ఆదివారం లేదు. ఇక ఆ చప్పుడు రాదని తెలిసేసరికి బెంచీ మీంచి లేచి గేటు కడ్డీ దాకా వచ్చేశా. నాకూ ఇది ఇష్టమేనని అప్పటిదాకా నాకు తెలీదు.

మా ఆయన రెండు చేతులూ గేటు కడ్డీ మీద ఆన్చి, ఆ అదురు పట్టుకుంటూ నావైపు తిరిగారు. "ఏమంటోందే?"

"ఆగండి," అన్నా, చెయ్యి అడ్డంపెట్టి. "నన్ను విననివ్వండి."