ఖాళీ బాక్సు

గుణదలలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు బాగానే పనిచేస్తుంది. అయినా మూడున్నరకి స్కూలు ఆటో దిగగానే మా సింధూరిని తీసుకుని నేను మెట్లే ఎక్కుతాను. రెండో అంతస్తు మలుపులో, పాత సైకిళ్ళు పడేసిన చోట ఆగుతాం. దాని లంచ్ బాక్సు తెరిచి, అది వదిలేసిన అన్నమంతా నేను గబగబా తినేస్తాను. మూడో అంతస్తులో అత్తయ్య ఆ బాక్సు కోసమే తలుపు దగ్గర నిలబడి ఉంటారు. బాక్సు ఖాళీగా కనిపిస్తే ఆ పూటకి నేను మంచి తల్లిని.

అయిదు నెలలుగా ఇదే సాగుతోంది. "మా జయకృష్ణని పెంచేటప్పుడు గిన్నె పట్టుకుని వాడి వెనకాల తిరగలేదమ్మా నేను. పెట్టింది తిని లేచేవాడు," అంటారు అత్తయ్య. "ఇంట్లోనే ఉంటావుగా, ఒక్క పిల్ల చేత నాలుగు ముద్దలు తినిపించడం కూడా ఒక పనేనా?" అంటాడు మా ఆయన జయకృష్ణ, వన్ టౌన్‌లో షాపు కట్టేసి వచ్చి, ఫోన్ చూసుకుంటూ. ఆయనకి కాకరకాయ సయించదు. అందుకని మా ఇంట్లో కాకరకాయ వండం. దాన్ని మొండితనం అని ఎవరూ అనరు.

ఒకరోజు చుట్టాల ముందు అత్తయ్య, "పుల్లలా ఉంది పిల్ల. తల్లికి పెట్టడం రాదు," అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళనేమీ అనలేను కదా! పిల్లని వంటగదిలోకి ఈడ్చుకెళ్ళి, ముక్కు మూసి, నోరు తెరవగానే పప్పన్నం కుక్కాను. నా చీర మీదే కక్కుకుని, "సారీ అమ్మా," అంది. ఆ మాట గుర్తొస్తే ఈ చేతులు ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అలా చెయ్యకూడదనే మెట్ల మీద ఈ దొంగతనం మొదలుపెట్టాను. దాన్ని కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇవాళ బాక్సులో బచ్చలికూర పప్పు. ఆ జిగురంటే చిన్నప్పట్నుంచీ నాకు కడుపులో తిప్పుతుంది. చల్లారిపోయిన అన్నం రెండు ముద్దలు ఎలాగో మింగాను. మూడోది గొంతు దిగలేదు, డోకొచ్చింది.

ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా కాస్తున్న సింధూరి పరుగెత్తుకొచ్చింది. చిన్ని వేళ్ళతో నా ముక్కు మూసింది. మెల్లిగా, నొప్పి పుట్టకుండా.

"ఇప్పుడు మింగెయ్ అమ్మా. ముక్కు మూసుకుంటే తెలీదు. స్కూల్లో నేనూ అలాగే రెండు ముద్దలు తింటా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయిదేళ్ళ పిల్లకి అన్నం గురించి నేను నేర్పింది ఇదన్నమాట! "అన్నం ఎలా పెడితే నీకిష్టం సింధూ?" అన్నాను. ఇన్నాళ్ళలో ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"తిట్టవుగా?" అంది ముందు. తర్వాత, "అన్నం వేరే, పప్పు వేరే పెట్టమ్మా. కలిపేస్తే లోపలేముందో కనపడదు. భయమేస్తుంది," అంది.

బాక్సు మూత పెట్టి పైకెళ్ళాను. అత్తయ్య చెయ్యి చాపారు. బరువు తెలియగానే ఆవిడ ముఖం మారింది.

"తిన్లేదేంటమ్మా ఇవాళ?"

సింధూరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏ రోజూ సరిగ్గా తిన్లేదత్తయ్యా," అన్నాను. "ఇన్నాళ్ళూ ఆ బాక్సు ఖాళీ చేసింది నేను. దానికి పప్పూ అన్నం కలిపేస్తే సయించదు. నాకు బచ్చలి సయించదు."