బెంచి దిగను

నాకు కోపం ఎక్కువని మా ఆయన శివకుమార్ కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ. ఆ శుక్రవారం కువైట్‌లో సాల్మియా హోటల్ హాల్లో జరిగిన దానికి నా కోపమే కారణమైతే, ఆ కోపానికి నేనే ఓ దండం పెట్టుకుంటాను.

ముందు మా బడి సంగతి చెప్పాలి. అన్నమయ్య జిల్లాలో మా ఊళ్లో హాల్డన్ అనే తెల్లదొర ఎప్పుడో కట్టించిన ఇంగ్లీషు బడి ఉంది. ఊరంతా దొర బడి అంటారు. అందులో చదివిన వాళ్లు నలుగురు పార్లమెంటుకు వెళ్లారు. అదంతా బెంచి మహిమ అని మా వాళ్ల నమ్మకం. ప్రతి శుక్రవారం ప్రార్థన అయ్యాక హాలు మధ్యలో ఒక బెంచి వేసేవారు. ఎవరికి ఏ సందేహం ఉన్నా, ఏ కష్టం ఉన్నా దాని మీదికెక్కి అడగొచ్చు. అడిగేది ఒకటో తరగతి పిల్లయినా సరే, అడిగించుకునేది హెడ్మాస్టరైనా సరే. అడిగినవాళ్లు బెంచి దిగేదాకా జవాబు చెప్పాల్సిన మనిషి కూర్చోకూడదు. జవాబు సరిగ్గా వస్తేనే దిగుతారు. దొరలు పోయినా ఈ ఆచారం పోలేదు.

నేనూ అక్కడే చదివాను. మా అమ్మ ఆ బడిలో ఆయా కాబట్టి ఫీజు కట్టక్కర్లేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, వినేవాళ్లే ఎందుకో మొహాలు తిప్పుకుంటారు. ఇప్పుడు ఫింటాస్‌లో ఒక క్లినిక్‌లో లెక్కలు చూస్తుంటాను.

కువైట్‌లో మా బడి వాళ్లకు ఒక సంఘం ఉంది. దానికి ప్రెసిడెంటు రామ్మోహన్ గారు, ఆయిల్ కంపెనీలో పెద్ద ఇంజినీరు. ఆ నలుగురు ఎంపీల్లో ఆఖరివాడు భరద్వాజ్, నా క్లాసుమేటు. నిరుటి ఎన్నికల్లో గెలిచాడు. అతను కువైట్ వస్తున్నాడని తెలియగానే సంఘం వాళ్లకు కాళ్లు నేల మీద ఆగలేదు. సన్మానం, శాలువా, నలుగురి ఫోటోలతో బ్యానరు, బిర్యానీ. ఆ పైన రామ్మోహన్ గారికి ఒక ఆలోచన తట్టింది.

"మన శుక్రవారం అసెంబ్లీ అచ్చం అలాగే చేద్దాం. గంట, ప్రార్థన, బెంచి, అన్నీ! భరద్వాజ్ గారు కదిలిపోతారు. సుధారాణీ, బెంచి బాధ్యత నీది."

సరేనన్నాను. అడగాల్సిన సంగతి నాకూ ఒకటుంది మరి.

మా పిన్ని కూతురు అంకాలమ్మ ఎగైలాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. రెండేళ్లకని వచ్చింది, నాలుగేళ్లయింది. ఇంటికి పోతానన్నప్పుడల్లా పనివాళ్లు మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు "బాదేన్, బాదేన్" అంటుంది, తర్వాత చూద్దామని. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. పాస్‌పోర్టు మామా అల్మారాలో ఉంది. ఎంబసీలో ఫిర్యాదు ఇచ్చాం. వాళ్లు పిలిస్తే కఫీల్, అంటే వీసా ఇప్పించిన ఆ ఇంటాయన, రాలేదు. అంకాలమ్మ అతన్ని బాబా అంటుంది. ఎవరైనా పెద్దమనిషి నేరుగా వెళ్లి మాట్లాడితే పని జరగొచ్చని అక్కడ ఒకాయన మంచి మాట చెప్పాడు. ఇంతలో మొన్న అంకాలమ్మ ఫోన్ చేసి ఏడుపు.

"అక్కా, మామా బిడ్డ సౌదీలో ఉంది గదా, ఆమె కానుపయిందంట. వచ్చే వారం నన్ను ఆడికి పంపిస్తారంట. ఆడికి పోతే నాకు నువ్వుండవు, ఎవురూ ఉండరు. నేనింక ఇంటికి పోలేనక్కా."

ఇందులో భరద్వాజ్ కూడా ఉన్నాడు. ఎన్నికలప్పుడు అతను మా పిన్ని ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె పెట్టిన ఉగ్గాని తింటూ అంకాలమ్మకు వీడియో కాల్ చేశాడు. "నేను గెలిస్తే నెల తిరక్కుండా నిన్ను ఇంటికి తెప్పిస్తా చెల్లీ" అన్నాడు. దాన్ని వీడియో తీసి ఊరంతా తిప్పారు. ఆ వీధి ఓట్లన్నీ గంపగుత్తగా అతనికే పడ్డాయి. గెలిచాక పిన్ని ఎన్నిసార్లు ఫోన్ చేసినా పీఏ ఎత్తి "సార్ మీటింగ్‌లో ఉండారు" అంటాడు. ఏడాది పొడుగునా ఏం మీటింగో!

రామ్మోహన్ గారి దగ్గరికి వెళ్లి, సభలో రెండు నిమిషాలు మాట్లాడనివ్వమన్నాను.

"అర్జీలు పెట్టుకోవడానికి ఇది తాసిల్దారాఫీసు కాదమ్మా" అన్నారు ఆయన. "ఇలాంటివి సభలో ఎత్తితే మన బడి పరువేం కావాలి? తర్వాత తీరిగ్గా పీఏకి చెప్దాంలే."

"బెంచి మీద ప్రశ్న అడిగేది ఉందిగదా సార్?"

"అదంతా చాముండేశ్వరి చూసుకుంటుంది. 'మీ విజయ రహస్యం ఏమిటి' అని అడుగుతుంది. ఆయన చెప్తారు, మనం చప్పట్లు కొడతాం. యల్లా, పదండి బిర్యానీకి."

చాముండేశ్వరి ఆయన భార్య. ఆమె కూడా మా బడే, నాకంటే రెండేళ్లు చిన్న, హాస్టల్లో ఉండి చదివింది. ఆమె మీద నాకేం కోపం లేదు. బెంచి మీద, మా బెంచి మీద, విజయ రహస్యం అడగడమేమిటని ఒళ్లు మండింది.

బెంచి కోసం ఆ రోజు పొద్దున్నే శుక్రవారం సంతకు వెళ్లాం, నేనూ శివకుమారూ. పాత సామాన్ల వరసలో ఒక టేకు బెంచి దొరికింది. ఒక కాలు కాస్త ఊగుతోంది.

"ఇది ఎవురెక్కేదానికి?" అన్నాడు శివకుమార్ నా మొహం చూసి.

"చాముండేశ్వరి."

"అబద్ధాలు చెప్పాకు. ఎక్కేటప్పుడు ఒక సైగ చెయ్, వచ్చి కాలు పట్టుకుంటా. నీ కాలు కాదుమే, బెంచి కాలు."

ఇదీ నా మొగుడి సరసం.

సాయంత్రం హాలు నిండిపోయింది. వేదిక మీద భరద్వాజ్, పక్కన రామ్మోహన్ గారు, ఆ పక్కన ఎంబసీ నుంచి వచ్చిన జావీద్ అనే ఆఫీసరు. గంట కొట్టారు, ప్రార్థన పాడారు. భరద్వాజ్ కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, ఊరికే అనకూడదు. మైకు తీసుకుని బడి రోజులు చెప్పడం మొదలుపెట్టాడు.

"తొమ్మిదో తరగతిలో నేను బెంచి ఎక్కినాను. ఆడపిల్లల హాస్టల్లో బాత్రూముకు తలుపు ఎప్పుడు పెడతారని హెడ్మాస్టరును అడిగినా. ఆయన 'చూస్తాం' అన్నాడు. 'చూస్తాం అనేది జవాబు కాదు సార్' అన్నా నేను! మధ్యాహ్నం దాకా నిలబెట్టినా ఆయన్ను. ఆఖరికి వడ్రంగిని పిలిపించి నా కళ్ల ముందర తలుపు కొలతలు తీయించినాడు. అప్పుడు దిగినా. పార్లమెంటులో మాట్లాడే ధైర్యం నాకు ఆ బెంచి ఇచ్చింది!"

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, చేతులు నొప్పి పుట్టేలా. ఆ తలుపు సంగతి పచ్చి నిజం. ఆ రోజు హాల్లో నేనూ ఉన్నాను, ఇంటికొచ్చి మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అంత మంచి పని చేసినవాడు కాబట్టే నాకు మరీ మండింది.

రామ్మోహన్ గారు ప్రశ్న సమయం అని ప్రకటించారు. చాముండేశ్వరి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఊగే బెంచి వైపు భయంభయంగా చూస్తోంది. ఆమె ఇంకా అలా చూస్తుండగానే నేను వెళ్లి ఎక్కేశాను. సైగ చేయకముందే శివకుమార్ వచ్చి బెంచి కాలు పట్టుకున్నాడు.

"భరద్వాజ్! నేను సుధారాణిని. ఆయా కూతుర్ని."

"ఓ, సుధా! బాగుండావా?" అంటూ మొహమంతా నవ్వుతో లేచాడు.

"నేను బాగుండానా లేదా అనేది తర్వాత. మా చెల్లెలు అంకాలమ్మను ఇంటికి ఎప్పుడు తెప్పిస్తావు?"

నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం రామ్మోహన్ గారి వైపు తిరిగాయి. ఆయన నాకు చేతులతో దిగమని సైగలు. నేను చూస్తేగా! వీడియో సంగతి, పాస్‌పోర్టు సంగతి, వచ్చే వారం సౌదీ సంగతి గొంతెత్తి అందరికీ వినపడేలా చెప్పాను.

"అయ్యో, చాలా బాధాకరం" అన్నాడు భరద్వాజ్. "వివరాలు మా పీఏకి ఇవ్వు తల్లీ. తప్పకుండా చూస్తాం." అని కుర్చీలోకి వంగాడు.

"చూస్తాం అనేది జవాబు కాదని ఇప్పుడే చెప్పినావు. ఆ మాట తడి ఇంకా ఆరలేదు!"

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. మా సిద్ధయ్య మామ, బడిలో మా అందరికంటే సీనియర్, ఇక్కడ ఫోర్‌మన్, గట్టిగా అరిచాడు. "కూర్చోవాకు నాయనా! ఆ యమ్మ ఇంకా బెంచి దిగల్యా!"

భరద్వాజ్ సగం వంగినవాడు మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. మా బడి వాడు కదా, ఆ మాటకు కాళ్లు వాటంతటవే లేచాయి.

"సుధా, ఇది వేరే దేశం. ఇక్కడి చట్టాలు వేరే. నా చేతిలో ఏముంది చెప్పు?"

"ఉగ్గాని తినేటప్పుడు ఇది వేరే దేశమని తెలియదా నీకు? నీ చేతిలో లేని దాన్ని అడగల్యా నేను. కారుంది, పక్కన ఆఫీసరు సార్ ఉండాడు, ఎగైలాకు దారుంది. పోయి నోరు తెరిచి అడుగు. అది చాలు."

"ఇప్పుడా?"

"నెల తిరక్కుండా అన్నావే, దానికంటే ఆలస్యమే అయింది గదా!"

రామ్మోహన్ గారు మైకు లాక్కున్నారు. "సుధారాణీ, దిగు! అతిథి మర్యాద అనేది ఒకటుంటుంది! మన బడి పరువు తీస్తున్నావు!"

"బడి పరువు ఈ బెంచిలోనే ఉంది సార్. అది పోతే మీ బ్యానరు మీద నాలుగు ఫోటోలు మిగుల్తాయి, అంతే. నేను దిగను."

మళ్లీ ఇలాంటి సభకు నన్ను పిలవరని తెలుసు. పిలవకపోతే పోనీ, బిర్యానీ నేనే వండుకోగలను.

అప్పుడు చాముండేశ్వరి లేచి వచ్చి బెంచి పక్కన నిలబడింది. ప్రశ్న రాసుకొచ్చిన కాగితాన్ని నలిపి పర్సులో పెట్టుకుంది.

"నా ప్రశ్న కూడా ఇదేనండీ" అంది భర్త వైపు చూడకుండా. "భరద్వాజ్ గారూ, తలుపు లేని ఆ రోజుల్లో నేను ఆ హాస్టల్లో ఉన్నాను. చీకట్లో లేచి, ఒకరికొకరం దుప్పటి అడ్డం పట్టుకునేవాళ్లం. మీరు ఆ రోజు మాకోసం దిగలేదు. ఇప్పుడు సుధక్కను దిగమని ఎలా అంటాం?"

సిద్ధయ్య మామ లేచి నిలబడ్డాడు. తర్వాత ఆ వరసంతా లేచింది. ఎవరూ కేకలు వేయలేదు, ఊరికే నిలబడ్డారు.

భరద్వాజ్ మెడలో శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు.

"జావీద్ సార్, పోదామా?"

"కఫీల్ నంబరు ఫిర్యాదులో ఉంది" అన్నాడు జావీద్, అప్పటికే ఫోన్ తీసి. "శుక్రవారం సాయంత్రం ఇంటి దీవానియాలో, అదే మగవాళ్లు కూర్చునే సావిట్లో, స్నేహితులతో ఉంటాడు. నలుగురి మధ్య అడిగితే కాదనడం కష్టం."

వాళ్లు వెళ్లారు. నేను దిగలేదు. భరద్వాజ్ నిజంగా పోతున్నాడో, హోటల్ రూముకు పోతున్నాడో నాకేం తెలుసు? దిగమని రామ్మోహన్ గారు రెండుసార్లు బతిమాలారు, ఒకసారి కసిరారు. వంట వాళ్లు బిర్యానీ మూతలు తీసి మళ్లీ పెట్టేశారు. ఎవరూ ప్లేటు ముట్టలేదు. చాముండేశ్వరి తన పట్టుచీరతోనే నేల మీద కూర్చుని బెంచి రెండో కాలు పట్టుకుంది. మోకాళ్లు పీకుతున్నాయి. అంకాలమ్మకు ఏమైనా కీడు జరుగుతుందేమో, నా పొగరు దాని మెడకు చుట్టుకుంటుందేమో అని భయపడుతూనే ఉన్నాను. అయినా దిగలేదు.

ఫోన్ మోగింది. అంకాలమ్మ.

"అక్కా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "అక్కా, బాబా అందురి ముందర మామాను పిలిపించి పాస్‌పోర్టు తెప్పించినాడు. ఖలాస్, పో అన్నాడు. నా చేతిలో ఉందక్కా, నా చేతిలోనే ఉంది! సంచి సర్దుకుంటాండా. నువ్వు యాడుండావు?"

"బెంచి మీద."

"ఆ?"

"ఏం లేదులే. సంచి సర్దుకో బంగారూ."

ఫోన్ చేతులు మారింది. భరద్వాజ్ గొంతు. అలసిపోయి ఉంది, అందులో ఎక్కడో తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా ఉన్నాడు.

"సుధా, దీవానియాలో అందరూ కూర్చోమన్నారు, టీ ఇచ్చినారు. నిలబడే తాగినా. ఇప్పుడన్నా కూర్చోవచ్చునా?"

నేను గొంతు తగ్గించలేదు, హాలంతా వినాలి.

"ముందు మా చెల్లెల్ని కారులో కూర్చోబెట్టు భరద్వాజ్. తర్వాత నువ్వు కూర్చో."