మూడో అంతస్తు ఈల

గంగాధర గ్యాస్ గొట్టానికి సబ్బునురగ పూసి, బుడగ లేస్తుందేమోనని వంగి చూశాడు. లేవలేదు. రెండో సిలిండర్ దగ్గరికి జరిగాడు. కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ కార్మికుల భవనంలో, మూడో అంతస్తు వంటగదిలో, పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ఇదే పని. మెడలో ఎర్రతాడు, తాడుకు ప్లాస్టిక్ ఈల. ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడి మెరిసే చర్మం. ఒకనాడు నూనె మూకుడు అంటుకుంటే తడి దుప్పటి కప్పినప్పటి గుర్తు అది. ఆ తర్వాతే ఈల మెడలోకి వచ్చింది.

అతని ఉద్యోగం ఆఫీసులు తుడవడం. ఇది జీతం లేని పని. నిప్పు కాపలాకు అంతస్తుకొకరు పేరిస్తే, ఏడాదికోసారి ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి మంటలార్పడం నేర్పుతారు. పేరు లేని అంతస్తులో వంటగదికి తాళం వేస్తామని కంపెనీ చెప్పింది. ఇవాళ్టితో గంగాధర ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతి తీరింది. పదకొండింటికి విమానాశ్రయానికి బండి వస్తుంది. ఆలోగా కాగితం మీద మరొకరి సంతకం పడకపోతే, రేపటి నుంచి ఇరవై రెండు మందికి పొయ్యి లేదు.

శుక్రవారం కాబట్టి అందరూ గదుల్లోనే ఉన్నారు.

"డ్యూటీ అయినాంక మళ్లా డ్యూటీనా మామా?" అని ఆంజి దుప్పటి ముసుగు తన్నాడు.

కోనసీమ బుల్లిరాజు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే నవ్వాడు. "ఆ ఈల మెళ్లో ఏసుకుంటే బస్సు కండక్టర్ననుకుంటారండి బాబాయ్! నావల్ల కాదండి."

"నవ్వుకో నాయనా. రేపు ఎండు రొట్టె నమిలేటప్పుడు నేను మతికొస్తా."

ఆనాడు మూకుడు పొయ్యి మీద పెట్టి ఫోన్లో మాటల్లో పడింది బుల్లిరాజే. ఆ సంగతి ఎత్తితే సంతకం దొరికేది. గంగాధర ఎత్తలేదు. మొహమాటపెట్టి తీసుకున్న సంతకం మంట దగ్గర నిలబడుతుందా అని అతని అనుమానం.

చిన్నప్పుడు ఊళ్లో గడ్డివామి అంటుకున్న రోజు జ్ఞాపకం వచ్చింది. ఎవరో ఒక్క కేక వేశారు, అంతే. అమ్మ గురమ్మ పిండి చేతులతోనే బిందె ఎత్తుకుని పరుగెత్తింది. ఏడాదిగా ఆమెతో మాటల్లేని బషీరా బీ రెండో బిందె అందించింది. ఎవరూ ఎవరి పేరూ రాసుకోలేదు. మరి ఇక్కడివాళ్లు చెడ్డవాళ్లా? కాదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కాళ్లు వాళ్లవి. అమ్మవి మాత్రం నిలబడని కాళ్లా?

స్నానం చేసి, వెంకటేశ్వరస్వామి పటం ముందు ప్రమిద వెలిగించాడు. చివరి రోజని నూనె ఒక చెంచా ఎక్కువే పోశాడు. దీపం పెట్టినవాడు అది కొండెక్కేదాకా పక్కనే కూర్చోవాలి. ఈ అంతస్తులో ఆ నియమం పెట్టింది అతనే. స్వామీ, ఈ నిప్పుకు దండం పెడతాను, ఆ నిప్పు మీద ఈల ఊదుతాను. రెండూ నీవే కదా?

కింద హారన్ మోగింది. అరగంట ముందే.

"యల్లా, పదా గంగాధరన్నా! దావ నిండా బండ్లుండాయి!" డ్రైవర్ ఖాజా హుస్సేన్ కేక.

గంగాధర లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. దీపాన్ని నోటితో ఊదడం తప్పు. పువ్వుతో వత్తిని నూనెలోకి తోయవచ్చంటారు కానీ, ప్రయాణం ముందు చెయ్యి రాలేదు.

పెట్టె మోయడానికి వచ్చిన బుల్లిరాజు గుమ్మంలో ఆగాడు. "కూర్చుండిపోయారేంటండి? విమానం మీకోసం ఆగదండి."

"నూనె శానా ఉండాది నాయనా."

బుల్లిరాజు దీపాన్ని చూశాడు. పటానికి దండం పెడుతున్న ఆ కాలిన ఎడమ చేతిని చూశాడు. గుమ్మం పక్కనున్న పెట్టెను బయట ఆంజికి అందించి, లోపలికి వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు.

"మీరు లేవండి బాబాయ్. నేను కూకుంటానండి."

"మధ్యలో లేయగూడదు."

"లేవనండి. ఆ కాగితం కూడా ఇలా పడేయండి."

గంగాధర కాగితం అతని ముందు పెట్టాడు. మెడలోంచి తాడు తీసి చాప మీద పెట్టి, పటం వైపు ఒకసారి చూసి మెట్లు దిగాడు.

బండి కదిలిన చప్పుడు వినిపించింది. సంతకం చేసిన కాగితాన్ని బుల్లిరాజు దీపానికి దూరంగా జరిపాడు. చాప మీద ఈల మిగిలింది. ఎర్రతాడు ఇంకా చెమటతో తడిగానే ఉంది, ప్లాస్టిక్ అంచు మీద పదకొండేళ్ల పంటిగాట్లు.